పెరుగన్నం తేలికైన తిండే కదా, మా చింటూకి ఎందుకు పడదు?

ప్రశ్న: మాది భీమవరం. మా చింటూకి ఏడేళ్లు, స్పిట్జ్ జాతి, బరువు 12 కిలోలు. కనుమ నాడు ఇంటి నిండా చుట్టాలు. ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. గారెలు, కోడికూర, మటన్ బొమికలు అన్నీ తిన్నాడు. మర్నాటి నుంచి వాంతులు. నీళ్లు తాగినా కక్కేశాడు. వీపు వంచి వణుకుతూ ఓ మూల నిలబడిపోయాడు. డాక్టరుగారు రక్తపరీక్ష, స్కానింగ్ చేసి పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు అన్నారు. మూడు రోజులు సెలైన్ పెట్టాక కోలుకుని ఇంటికి వచ్చాడు. 'ఇక మీదట కొవ్వు తగ్గించండి' అన్నారు. ఎంత తగ్గించాలో, ఏం పెట్టాలో అర్థం కావడం లేదు. మా అత్తగారు చింటూకి పొద్దున నెయ్యి వేసిన పప్పన్నం, రాత్రి పెరుగన్నం పెడతారు. 'పెరుగన్నం చలవ చేస్తుంది, తేలిగ్గా అరుగుతుంది, ఊళ్లో కుక్కలన్నీ తినడం లేదా' అంటారు. పక్కింటివాళ్లు రెండు రోజులు పస్తు పెట్టమంటున్నారు. షాపులో అమ్మే స్పెషల్ ఫుడ్ రోజూ కొనడం మాకు కష్టం. ఇంటి వంటతో నడపొచ్చా? ఇది మళ్లీ వస్తుందా? తప్పు మాదేనా? వచ్చే నెలలో పెళ్లికి వెళ్లాలి, వాణ్ని బోర్డింగ్‌లో పెట్టాలి, అదో టెన్షన్.

సమాధానం: ముందుగా ఒక మాట అమ్మా. వాంతులు మొదలైన మర్నాడే మీరు వాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈ జబ్బులో కుక్క బతికి బయటపడటానికి అన్నిటికన్నా పనికొచ్చేది అదే. 'పండగ అజీర్తి, అదే తగ్గుతుంది' అని నాలుగు రోజులు ఊరుకుని, ఒళ్లంతా ఎండిపోయాక తీసుకొచ్చే కుక్కల్ని చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది. మీరు అలా చేయలేదు. కాబట్టి తప్పు ఎవరిదన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ఇక మీదట ఏం చేయాలో చూద్దాం.

క్లోమం అనే గ్రంథి పొట్టకు, చిన్న పేగు మొదటి భాగానికి ఆనుకుని ఉంటుంది. దానికి రెండు పనులు. ఒకటి ఇన్సులిన్ తయారు చేయడం. రెండోది తిండిలోని కొవ్వును, మాంసకృత్తులను, పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైములను తయారు చేసి పేగులోకి పంపడం. మామూలుగా ఈ ఎంజైములు క్లోమంలో ఉన్నంతసేపు పని చేయవు. పేగులోకి చేరాకే పని మొదలుపెడతాయి. పాంక్రియాటైటిస్‌లో అవి పేగుకు చేరకముందే, క్లోమంలోనే పని మొదలుపెడతాయి. అంటే తిండిని అరిగించాల్సినవి ఆ గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. దాంతో వాపు, విపరీతమైన నొప్పి, వాంతులు. వాపు ముదిరితే పక్కనే ఉన్న కాలేయానికి, పేగులకు పాకుతుంది. ఇంకా ముదిరితే కిడ్నీలు, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. చింటూ వీపు వంచి వణికింది చలికి కాదు, నొప్పికి. కొన్ని కుక్కలు ముందుకాళ్లు నేల మీద చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనుక భాగం పైకెత్తి చాలాసేపు అలాగే ఉంటాయి. ఆటకు పిలిచేటప్పుడు కూడా కుక్క ఇలాగే వంగుతుంది కాబట్టి చాలామంది పొరబడతారు. ఆటలో అయితే తోక ఊపుతూ ఒక్క క్షణంలో లేచి గెంతుతుంది. నొప్పితో వంగిన కుక్క అలా గెంతదు.

తప్పు మీదేనా అంటే, సగం వరకే సమాధానం చెప్పగలను. చాలా కుక్కల్లో ఇది ఎందుకొచ్చిందో ఏ పరీక్షలోనూ తేలదు. కొన్ని జాతుల్లో ఎక్కువ: మినియేచర్ ష్నాజర్, కాకర్ స్పానియల్, యార్క్‌షైర్ టెర్రియర్, డాష్‌హండ్. లావుగా ఉన్న కుక్కల్లో ఎక్కువ. థైరాయిడ్ తక్కువ ఉన్నా, కుషింగ్స్ అనే హార్మోను జబ్బు ఉన్నా, షుగర్ ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. ఫిట్స్‌కి వాడే పొటాషియం బ్రోమైడ్, ఫీనోబార్బిటాల్ లాంటి మందుల వల్ల కూడా రావచ్చు. వీటితో పాటు, అలవాటు లేని తిండి, చెత్తబుట్టలో దొరికినవి, మనుషులు తినగా మిగిలినవి తిన్న కుక్కల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. చింటూ విషయంలో కనుమ భోజనం నిప్పు రాజేసి ఉండొచ్చు. కానీ ఏడేళ్లుగా రోజూ పడిన నెయ్యి, ఒంటికి పట్టిన అదనపు బరువు ముందే దారి వేసి ఉంటాయి. మీ ఉత్తరంలో నాకు కనుమ కన్నా ఆ రోజువారీ తిండే ఎక్కువ ఆందోళన కలిగించింది. పండగ ఏడాదికి ఒకసారి వస్తుంది, పప్పన్నంలో నెయ్యి రోజూ పడుతుంది.

ఇప్పుడు 'కొవ్వు తగ్గించండి' అంటే ఎంత అన్నది లెక్క వేద్దాం. మీ డాక్టరుగారి మాటకు ఒక అంకె తగిలిస్తే ఇంట్లో అందరికీ సులువవుతుంది. క్లోమం దెబ్బతిన్న కుక్కలకు తిండిలో ప్రతి 1000 కేలరీలకు కొవ్వు 20 గ్రాములకు మించకుండా చూడటం మంచిది. చింటూని చూడకుండా కచ్చితంగా చెప్పలేను కానీ, మామూలు స్పిట్జ్‌కి 12 కిలోలంటే బహుశా బరువు ఎక్కువే. వాడు 10 కిలోలు ఉండాలనుకుందాం. 10 కిలోల కుక్కకు విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు దాదాపు 400 కేలరీలు కావాలి. ఇంట్లో మామూలుగా తిరిగే కుక్కకు 550 వరకు పడుతుంది. చింటూ ఇప్పుడు కోలుకుంటూ విశ్రాంతిగా ఉన్నాడు, తర్వాత బరువూ తగ్గాలి కాబట్టి 400 అనే అనుకుందాం. ఆ లెక్కన రోజు మొత్తానికి వాడికి దక్కే కొవ్వు 8 గ్రాములు. అంతే. ఒక చిన్న చెంచా నెయ్యిలో 5 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. రెండు చెంచాల నెయ్యి వేస్తే, ఇంకేమీ తినకుండానే ఆ రోజు కోటా దాటిపోయింది.

ఇక పెరుగన్నం. మన ఇళ్లలో మనిషికైనా, కుక్కకైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు గుర్తొచ్చేది అదే. మీ అత్తగారి మాటలో ప్రేమ ఉంది, అనుభవమూ ఉంది. మామూలు అజీర్తికి అది పనికొచ్చి ఉంటుంది. కానీ పెరుగు తేలికా కాదా అన్నది అది ఏ పాలతో తోడుపెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. గేదెపాలలో వెన్న 6 నుంచి 7 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు ఒక చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాములు, అన్నంలో కలిపితే 9, 10 గ్రాముల కొవ్వు. పైన మీగడ కూడా పడితే చెప్పక్కర్లేదు. అంటే మనం చలవ చేస్తుందని పెట్టిన ఆ ఒక్క గిన్నె చింటూ రోజు కోటాను మించిపోతుంది. ప్యాకెట్ పాలు వాడే ఇల్లయితే కవరు మీద చూడండి. ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం, టోన్డ్ అంటే 3, డబుల్ టోన్డ్ అంటే 1.5. డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు రెండు చెంచాలు, చింటూ పూర్తిగా కోలుకున్నాక, విరేచనాలు లేకపోతే, అన్నంలో కలపొచ్చు. అప్పుడు మీ అత్తగారు రాత్రి పెరుగన్నం పెట్టే అలవాటు పూర్తిగా మానక్కర్లేదు, పాలు మార్చి, పెరుగు తగ్గిస్తే సరిపోతుంది. కానీ మొదటి రెండు మూడు వారాలు అదీ వద్దు.

ఊళ్లో కుక్కల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. వీధికుక్కలకు ఈ జబ్బు రాదని కాదు. వస్తే ఏ గోడ చాటునో పడుకుని పోతాయి, దానికి పేరు పెట్టేవాళ్లుండరు. పైగా అవి రోజంతా తిరుగుతాయి, ఒంట్లో కొవ్వు ఉండదు, నెయ్యి అన్నం వాటికి ఎప్పుడో గానీ దొరకదు. చింటూ జీవితం అది కాదు. ఒకసారి క్లోమం వాచిన కుక్కను మిగతా కుక్కలతో పోల్చడమూ సరి కాదు.

పక్కింటివాళ్లు చెప్పిన పస్తు మాట పాత పద్ధతి. వెటర్నరీ డాక్టర్లమూ ఒకప్పుడు అదే చెప్పేవాళ్లం. తిండి పెడితే క్లోమం పనిచేస్తుంది, పనిచేస్తే వాపు పెరుగుతుంది అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఆలోచన మారింది. పేగులకు తిండి అందకపోతే వాటి లోపలి పొర పలచబడి, సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదం పెరుగుతుంది. అందుకే వాంతులు మందులతో అదుపులోకి రాగానే, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే, కొవ్వు తక్కువగా ఉన్న తిండి కొంచెం కొంచెంగా మొదలుపెడుతున్నారు. ఆస్పత్రిలో మూడు రోజులు చింటూకి చేసింది కూడా దాదాపు ఇదే అయి ఉంటుంది: ఒంట్లో తగ్గిన నీటికి సెలైన్, వాంతులు ఆగడానికి మారోపిటాంట్ లేదా ఒండాన్‌సెట్రాన్, నొప్పికి ఇంజక్షన్. క్లోమాన్ని నేరుగా బాగుచేసే మాత్ర అంటూ ఏదీ ఇచ్చి ఉండరు. శరీరం తనను తాను బాగుచేసుకునే దాకా నిలబెట్టడమే ఇక్కడ వైద్యం. ఈ జబ్బు మామూలుగా సూక్ష్మజీవుల వల్ల రాదు కాబట్టి, యాంటీబయాటిక్ రాయలేదని ఎవరైనా అంటే కంగారు పడకండి.

ఇంటి వంటతో నడపొచ్చా? నడపొచ్చు, కానీ రెండు దశలుగా ఆలోచించండి.

మొదటి దశ కోలుకునే వారాలు. ఇప్పుడు చింటూకి మెత్తగా ఉడికించిన తెల్లన్నం, చర్మం తీసిన కోడి ఛాతీ మాంసం చాలు. చికెన్ షాపులో 'స్కిన్‌లెస్, బోన్‌లెస్ బ్రెస్ట్' అని అడగండి. తొడ, రెక్క వద్దు. నీళ్లలో ఉడకబెట్టి, పైన తేలిన నూనెను తీసేయండి. ఆ నీళ్లను ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది, సులువుగా తీసేయొచ్చు. మిగిలిన నీళ్లు అన్నంలో కలిపితే వాసనకు వాడు ఇష్టంగా తింటాడు. ఉప్పు, కారం, నూనె అక్కర్లేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా. అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కొలత కావాలంటే, ఉడికిన మాంసం 100 గ్రాములు, ఉడికిన అన్నం 180 గ్రాములు కలిపితే సుమారు 400 కేలరీలు వస్తాయి, కొవ్వు 4 గ్రాముల దగ్గరే ఉంటుంది. దీన్ని రోజుకు నాలుగైదు సార్లుగా పంచి పెట్టండి. ఒకేసారి గిన్నె నింపవద్దు. వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే వాడండి. 'గుప్పెడు' అన్న కొలత ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా ఉంటుంది.

మీది భీమవరం కాబట్టి చేపల గురించి చెప్పకుండా ఉండలేను. శీలావతి లాంటి చెరువు చేపలో కొవ్వు తక్కువే. నడుం ముక్క ఉడకబెట్టి, ముళ్లు ఒక్కటి కూడా లేకుండా వేళ్లతో నలిపి చూసి, కోడి బదులు అప్పుడప్పుడు పెట్టొచ్చు. పొట్ట ముక్క, తలకాయ వద్దు. పులస అయితే ముట్టనివ్వవద్దు, ఆ రుచి అంతా కొవ్వుదే. గుడ్డులో తెల్లసొన ఉడికించి పెట్టొచ్చు, పచ్చసొనలో దాదాపు 5 గ్రాముల కొవ్వు ఉంటుంది కాబట్టి తీసేయండి.

చికెన్ షాపులో కుక్కల కోసం తక్కువ ధరకు ఇచ్చే వేస్ట్ సంగతి. తలకాయలు, కాళ్లు, చర్మం, కొవ్వు ముద్దలు అన్నీ కలిపి సంచిలో వేసి ఇస్తారు. చాలా ఇళ్లలో దాన్ని బియ్యంతో కలిపి ఉడికించి పెడతారు. మామూలు కుక్క కొంతకాలం తట్టుకుంటుందేమో. చింటూకి మాత్రం ఇక జీవితంలో అది వద్దు. ఆ సంచిలో చర్మమే సగం ఉంటుంది.

రెండో దశ, నెల దాటాక. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అన్నం, కోడి తింటూ చింటూ హుషారుగా ఉంటాడు కాబట్టి అదే ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. అన్నం, కోడి మాత్రమే తినే కుక్కకు కాల్షియం చాలదు, జింక్, అయోడిన్, కొన్ని విటమిన్లు, చర్మానికి అవసరమైన కొవ్వు ఆమ్లాలు చాలవు. కొవ్వు తగ్గించడం వేరు, పోషణ తగ్గించడం వేరు. ఇంటి వంటనే కొనసాగించాలనుకుంటే కుక్క బరువుకు, వయసుకు తగ్గట్టు ఏ పోషకాల పొడి ఎంత కలపాలో డాక్టరుతో రాయించుకోండి. పోషణలో ప్రత్యేకంగా చదివిన వెటర్నరీ డాక్టరైతే మరీ మంచిది. మీకు దగ్గర్లో గన్నవరంలో వెటర్నరీ కళాశాల ఉంది, అక్కడి ఆస్పత్రిలో అడగొచ్చు. తెలంగాణలో ఉన్న పాఠకులకు రాజేంద్రనగర్ కళాశాల, రాయలసీమ వాళ్లకు తిరుపతి కళాశాల ఉన్నాయి.

ఖర్చు ఎక్కువ అన్న మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఆస్పత్రుల్లో రాసే 'లో ఫ్యాట్ గాస్ట్రో' రకం తిండి మామూలు ప్యాకెట్ల కన్నా చాలా ఖరీదు. మధ్యేమార్గం ఒకటుంది. రోజులో ఒక పూట ఆ తిండి, మిగతా పూటలు ఇంటి వంట. అప్పుడు ఖర్చు తగ్గుతుంది, పోషకాలు కొంతవరకైనా అందుతాయి. ఈ పద్ధతి కూడా డాక్టరుకు చెప్పే చేయండి. ఏ కొత్త తిండికైనా ఒక్క రోజులో మారవద్దు. పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి.

మామూలు ప్యాకెట్ కొనాల్సి వస్తే వెనకవైపు 'క్రూడ్ ఫ్యాట్' అన్న చోట చూడండి. అక్కడ వేసేది సాధారణంగా కనీస శాతం, అసలు కొవ్వు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. ఎదిగిన కుక్కల మామూలు పొడి తిండిలో కొవ్వు 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తక్కువ కొవ్వుతో ప్రత్యేకంగా చేసినవాటిలో 7 శాతం దగ్గర ఉంటుంది. తడి తిండి డబ్బాలూ పౌచ్‌ల దగ్గర ఇంకో చిక్కుంది. వాటి మీద కొవ్వు 4 శాతమే అని ఉంటుంది, చూడగానే తక్కువ అనిపిస్తుంది. కానీ అందులో 78 శాతం నీళ్లే. నీళ్లు తీసేసి లెక్క వేస్తే మిగిలిన 22 భాగాల్లో 4 భాగాలు కొవ్వు, అంటే 18 శాతం. గ్రేవీ పౌచ్ తేలిక అనుకుని జబ్బు కుక్కలకు పెడుతుంటారు. ఈ లెక్క వేశాక పెట్టండి.

ఎన్నాళ్లు ఇలా? ఇదే మొదటిసారి, కారణం కూడా కనిపిస్తోంది, బరువు కూడా తగ్గితే, కొన్ని వారాల తర్వాత డాక్టరు కొంచెం సడలింపు ఇవ్వొచ్చు. కానీ నెయ్యి అన్నానికి, మటన్ కొవ్వుకు తిరిగి వెళ్లడం ఉండదు. మళ్లీ వస్తుందా అంటే, వచ్చే అవకాశం ఉంది, దాచిపెట్టను. కొన్ని కుక్కల్లో ఒకసారి వచ్చి పోతుంది. కొన్నింట్లో పెద్దగా వాంతులు లేకుండానే వాపు లోలోపల కొనసాగుతుంది. ఒక రోజు తింటుంది, రెండు రోజులు తినదు, అప్పుడప్పుడు కక్కుతుంది, మందకొడిగా ఉంటుంది. యజమాని 'వీడికి తిండి మీద అలక ఎక్కువ' అనుకుని రుచి కోసం ఇంకా నెయ్యి వేస్తాడు. అక్కడితో చక్రం మొదలవుతుంది. చింటూ తినడం తగ్గిస్తే రుచి పెంచకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

వచ్చేసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని కొవ్వు పరీక్ష గురించి అడగండి. రాత్రి తిండి పెట్టాక 12 గంటలు ఏమీ పెట్టకుండా పొద్దున్నే రక్తం తీయాలి. కొన్ని కుక్కల రక్తంలో కొవ్వు పుట్టుకతోనే ఎక్కువగా ఉంటుంది, ష్నాజర్లలో ఇది మామూలు. పరగడుపున తీసినా 500 mg/dL దాటితే ఆ కుక్కకు తక్కువ కొవ్వు తిండి జీవితాంతం తప్పదు. దీంతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా అవసరమా అని అడగండి. చింటూ లాంటి మధ్య వయసు, లావు కుక్కల్లో అడగదగ్గ ప్రశ్నే.

రక్తపరీక్ష గురించి ఒక చిన్న సంగతి. అమైలేజ్, లైపేజ్ అనే పాత పరీక్షలు కుక్కల్లో అంత నమ్మదగ్గవి కావు. ఇప్పుడు క్లోమానికే ప్రత్యేకమైన లైపేజ్‌ను కొలిచే సీపీఎల్ పరీక్ష వాడుతున్నారు. అందులో నెగెటివ్ వస్తే ఈ జబ్బు కాకపోవచ్చని చాలావరకు చెప్పొచ్చు. పాజిటివ్ వచ్చినా లక్షణాలు, స్కానింగ్ కలిపి చూడాలి. ఎందుకంటే మన దగ్గర వాంతులతో వచ్చే కుక్కల్లో పార్వో అనే వైరస్ జబ్బు, పిడుదుల జ్వరం, పేగులో ఇరుక్కున్న బొమిక ఇవన్నీ ఉంటాయి. చింటూ మటన్ బొమికలు తిన్నాడు కాబట్టి స్కానింగ్ చేయించడం అన్ని విధాలా మంచి పని. ఉడికిన బొమికలు చీలికలుగా విరిగి పేగును చీల్చగలవు. ఇకపై బొమిక ఏదీ వద్దు.

ఇంట్లో మందుల విషయం గట్టిగా చెప్పాలి. కుక్క నొప్పితో మూలుగుతుంటే చూడలేక మన నొప్పి మాత్ర ముక్క చేసి వేస్తుంటారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తాయి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాటి జోలికి అసలు వెళ్లవద్దు. వాంతులు చేసుకునే కుక్క నోట్లోకి సిరంజితో బలవంతంగా నీళ్లు, గంజి, ఓఆర్ఎస్ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అరుగుదల ఎంజైముల పొడి కూడా సొంతంగా కొనవద్దు. అది వేరే పరిస్థితికి. వాపు పదేపదే వచ్చి క్లోమం చాలావరకు పాడైతే ఎంజైములు తయారు కావు. అప్పుడు కుక్క ఆబగా తింటూనే చిక్కిపోతుంది, విరేచనం ఎక్కువగా, పాలిపోయి, జిడ్డుగా వస్తుంది. ఆ దశలో పొడి అవసరం. అలాగే ఉన్నట్టుండి నీళ్లు విపరీతంగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తూ చిక్కిపోతుంటే షుగర్ వచ్చిందేమో చూడాలి. ఇన్సులిన్ తయారయ్యేదీ అక్కడే కదా.

ఏ లక్షణాలు కనిపిస్తే రాత్రయినా పరుగెత్తాలి? ఒక రోజులో రెండు మూడు సార్లకు మించి వాంతి, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, పొట్ట తాకితే ఏడవడం లేదా కరవబోవడం, చిగుళ్లు తెల్లబడటం, లేవలేకపోవడం, విరేచనంలో రక్తం, కళ్లు లేదా చిగుళ్లు పచ్చబడటం. చివరిది ముఖ్యం. వాచిన క్లోమం పక్కనున్న పిత్తనాళాన్ని నొక్కితే కామెర్లు వస్తాయి.

బరువు తగ్గించే పని ఇప్పుడే మొదలుపెట్టవద్దు. చింటూ రెండు వారాలు నిలకడగా తినాలి, విరేచనం గట్టిపడాలి. తర్వాత వారానికి ఒంటి బరువులో ఒక శాతం, అంటే 120 గ్రాముల చొప్పున తగ్గితే చాలు. పొద్దున, సాయంత్రం నెమ్మదిగా నడిపించండి. మీరు కాటా మీద నిలబడి, తర్వాత వాణ్ని ఎత్తుకుని నిలబడి తేడా చూసుకోండి. స్పిట్జ్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి కంటికి తెలియదు, పక్కలు చేత్తో తడిమి చూడండి. పైపైన తడిమినా పక్కటెముకలు వేళ్లకు తగిలితే సరైన బరువుకు దగ్గరపడ్డట్టు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది మీ అత్తగారి చేతి ముద్ద. ఈ జబ్బు తిరగబెట్టిన ఇళ్లలో నేను ఎక్కువగా వినేది ఒకే మాట: 'మేం ఏమీ పెట్టలేదండీ, పెద్దావిడ కొంచెం పెట్టింది.' కొంచెమే. కానీ 8 గ్రాముల కోటాలో ఆ కొంచెమే ఎక్కువ. ఏడేళ్లుగా ఆ కుక్కకు అన్నం కలిపి పెట్టిన మనిషిని 'ఇక పెట్టకండి' అంటే ఆమెకు చింటూని లాక్కున్నట్టు ఉంటుంది. అలా అనవద్దు. పెట్టే పని ఆమెకే ఉంచండి, పెట్టేదాన్ని మార్చండి. పొద్దున్నే ఒక చిన్న డబ్బాలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు, సొరకాయ, బీన్స్, కీరా, కాసిన్ని మరమరాలు వేసి ఆమె చేతికివ్వండి. ఎవరు ఏం పెట్టాలనుకున్నా ఆ డబ్బాలోంచే పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. టీతో పాటు పెట్టే బిస్కెట్ మానాలి. గ్లూకోజ్ బిస్కెట్లలో కూడా 100 గ్రాములకు 12, 13 గ్రాముల కొవ్వు ఉంటుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి. కోడలు చెప్పిన దానికన్నా డాక్టరు చెప్పింది, అందులోనూ తన పెరుగన్నంలో ఎంత వెన్న ఉందో అంకెతో చెప్పింది, ఆమెకు వేరుగా వినిపిస్తుంది. చింటూ బాధపడిన ఆ మూడు రోజులు ఆమె కూడా చూశారు కదా. నా అనుభవంలో, విషయం అర్థమయ్యాక పెద్దవాళ్లంత నిష్ఠగా పత్యం పాటించేవాళ్లు ఉండరు. ఇంట్లో పిల్లలు తింటూ పారేసినవి కూడా ఆమే ఏరేస్తారు.

చుట్టాలు వచ్చే రోజుల్లో మాత్రం మాటల మీద ఆధారపడవద్దు. భోజనాల వేళ చింటూని వేరే గదిలో ఉంచండి, ఆకులు, ప్లేట్లు ఎత్తి చెత్తసంచి ముడివేశాకే వదలండి. చెత్తబుట్టకు మూత ఉండాలి.

పెళ్లి ప్రయాణం గురించి. ప్రయాణానికి కనీసం మూడు వారాలు ముందు నుంచి చింటూ ఒకే తిండి మీద నిలకడగా ఉండాలి. అలా లేకపోతే వాణ్ని బోర్డింగ్‌లో కాక, వాడు ఎరిగిన మనిషిని ఇంట్లో ఉంచి వెళ్లడం మేలు. బోర్డింగే అయితే తిండి మీరే ఇవ్వండి, పూట పూటకీ విడివిడి డబ్బాల్లో పెట్టి, ఫ్రీజర్ ఉందో లేదో ముందే కనుక్కుని. ఫ్రీజర్ లేకపోతే, ముందే అలవాటు చేసిన తక్కువ కొవ్వు పొడి తిండి పూటకొక పొట్లం కట్టి ఇవ్వండి. అక్కడ అన్ని కుక్కలకూ ఒకే వంట వండుతారు, అది వీడికి పెట్టకూడదని కాగితం మీద రాసి, కేజ్ మీద అంటించమనండి. అదే కాగితం మీద జబ్బు పేరు, ఎప్పుడు వచ్చింది, వాడుతున్న మందులు, మీ డాక్టరు ఫోన్ నంబరు, మీరు దొరకకపోతే ఎవరికి ఫోన్ చేయాలి రాయండి. ఒక్కసారి వాంతి చేసుకున్నా మీకు చెప్పమనండి. ఇతర కుక్కలు వదిలిన గిన్నెలు నాకే అవకాశం లేకుండా విడిగా తినిపిస్తారా అని అడిగి, అవునంటేనే అక్కడ వదలండి.